ప్రశ్నలు – జవాబులు: ఉల్లి యార్డు కాటా, లినక్స్ ప్యాకేజీ

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు దాదాపు ఒకే చిక్కును నాలుగు వైపుల నుంచి పట్టుకున్నాయి. లినక్స్ కోసం ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉన్న) ప్రోగ్రాంను ప్యాకేజీగా, అంటే వాడేవారు నేరుగా ఎక్కించుకునే మూటగా కట్టేటప్పుడు భద్రత ఎంత, సౌకర్యం ఎంత అన్నదే ఆ చిక్కు. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి, ఈ నాలుగింటినే తీసుకుంటున్నాను.

ప్రశ్న: మేమిద్దరం కర్నూలులో ఇంజనీరింగ్ పూర్తి చేసిన స్నేహితులం. మార్కెట్ యార్డులోని ఉల్లి వ్యాపారుల కోసం ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం రాశాము. ఎలక్ట్రానిక్ కాటా చూపించే బరువును అది తీగ ద్వారా నేరుగా కంప్యూటర్‌లోకి తీసుకుని, రైతుకు ఇవ్వవలసిన తక్‌పట్టీని ముద్రిస్తుంది. కొట్టు యజమాని అదే వైఫైలో ఉన్న తన ఫోనులో లెక్క చూసుకోవచ్చు. ప్యాకేజీ ఎక్కించగానే అన్నీ పనిచేయాలన్న ఉద్దేశంతో కాటా పోర్టును అందరికీ తెరిచాము. సర్వీసు నెట్‌వర్కు మొత్తానికీ అందేలా, మొదటి పాస్‌వర్డు 'అడ్మిన్'గా పెట్టాము. కొత్త వెర్షన్లను ప్రోగ్రామే రూట్ అధికారంతో, అంటే యంత్రం మీద పూర్తి హక్కుతో తెచ్చుకుంటుంది. మా సీనియర్ ఒకాయన ఇది చూసి, 'ఇది ప్యాకేజీ కాదు, వాకిలి తీసిపెట్టిన ఇల్లు' అన్నారు. ఆయన చెప్పినట్టు అన్నీ బిగిస్తే కొట్టు గుమాస్తా రెండో రోజే దాన్ని మూలన పడేస్తాడు. ఏది వదులుకోవాలి?
– ఇద్దరు మిత్రులు, కర్నూలు

జవాబు: మీ ఉత్తరం అందిన వారంలోనే ఒక ఉదయం యార్డుకు వెళ్ళి, మీ ప్రోగ్రాం నడుస్తున్న కొట్టులో గంటసేపు కూర్చున్నాను. కాటా మీద బస్తా పడుతుంది, హమాలీ చెయ్యి తీస్తాడు, అంకెలు రెండు క్షణాలు ఊగి నిలబడతాయి, గుమాస్తా ఒక మీట నొక్కుతాడు, తక్‌పట్టీ బయటికి వస్తుంది. అప్పటికే వెనుక మరో బస్తా సిద్ధంగా ఉంటుంది. ఆ రెండు బస్తాల మధ్య పాస్‌వర్డు అడిగే ప్రోగ్రాంను ఎవరూ భరించరన్న మీ భయం అక్షరాలా నిజం. అయితే మీరు ఊడదీసిన తాళాలలో ఏ ఒక్కటీ రెండు బస్తాల మధ్య ఎదురయ్యేది కాదు. అవన్నీ ప్యాకేజీ ఎక్కించే రోజు ఒక్కసారి ఎదురయ్యేవి, ఎక్కించేది మీరో మీ మనిషో. గుమాస్తా పేరు చెప్పి మీరు తేలిక చేసుకున్నది మీ పనినే అని చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

ముందుగా కాటా సంగతి చూద్దాం. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాలలో యూఎస్‌బీ తీగతో వచ్చే సీరియల్ పోర్టు 'డయలౌట్' అనే గ్రూపు అధీనంలో ఉంటుంది. టెలిఫోను తీగకు మోడెం తగిలించి ఇంటర్నెట్‌కు డయల్ చేసిన కాలం నాటి పేరది. ఇప్పుడు కాటాలు, ఆర్డ్యునో సర్క్యూట్ బోర్డులు, త్రీడీ ప్రింటర్లు అన్నీ ఆ గొడుగు కిందికే వస్తాయి. గుమాస్తా ఖాతా ఆ గ్రూపులో లేకపోతే పోర్టు తెరుచుకోదు, గ్రూపులో చేర్చినా ఒకసారి లాగౌట్ అయి మళ్ళీ వచ్చేదాకా ఫలితం కనిపించదు. ఆ మధ్యలోనే 'పనిచేయడం లేదు' అంటూ మీకు ఫోన్లు వచ్చి ఉంటాయి. విసిగిపోయి, పరికరాల మీద ఎవరికి హక్కో చెప్పే యూడెవ్ నియమంలో 0666 అని రాసి, ఆ కంప్యూటర్‌లో నడిచే ప్రతి ఖాతాకూ, ప్రతి ప్రోగ్రాంకూ చదివే హక్కుతో పాటు రాసే హక్కు కూడా ఇచ్చేశారు. కొన్ని కాటాలు అదే తీగ మీద టేర్ ఆజ్ఞను కూడా స్వీకరిస్తాయి. రైతు కళ్ళెదుట బరువును సున్నా చేయగల ఆజ్ఞను ఎవరైనా పంపగలిగేలా పోర్టును వదిలేయడం యార్డులో చిన్న విషయం కాదు.

దీనికి మందు ఉంది, అది మీ 0666 అంత సులభమైనదే. అదే యూడెవ్ నియమంలో 'యూయాక్సెస్' అనే ట్యాగ్ పెట్టండి. అప్పుడు ఆ యంత్రం ముందు కూర్చుని లాగిన్ అయిన వ్యక్తికి మాత్రమే పోర్టు మీద హక్కు దక్కుతుంది, అతను లాగౌట్ కాగానే ఆ హక్కు తొలగిపోతుంది. గ్రూపులో చేర్చడం, లాగౌట్ కావడం, మీకు ఫోను చేయడం ఏవీ అక్కరలేదు. ఒక్క జాగ్రత్త చెప్పాలి: నియమం ఫైలు పేరు ముందు ఉండే అంకె 73 కంటే తక్కువగా ఉండాలి. ఆ ట్యాగ్‌ను చూసి హక్కు ఇచ్చే సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపే ఏర్పాటు) నియమం 73తో మొదలవుతుంది కనుక, అలవాటుగా 99 అని పెట్టుకుంటే మీ ట్యాగ్‌ను పట్టించుకునేవారే ఉండరు. ఈ అంకె దగ్గర నేను ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను. ఇంకొకటి, యూఎస్‌బీ తీగ చెప్పే తయారీదారు సంఖ్య చాలాసార్లు కాటాది కాదు, తీగలోని చిప్‌ది. అవే చిప్‌లు నానారకాల పరికరాలలో ఉంటాయి కాబట్టి, మీ నియమం కాటాను ఒక్కదాన్నే గుర్తుపడుతుందని అనుకోకండి.

నెట్‌వర్కు విషయానికి వస్తే, నేను అసలు రాజీపడను. మాంగోడీబీ అనే డేటాబేస్ గురించి మీరు వినే ఉంటారు. 2017 జనవరిలో, పాస్‌వర్డు లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న వేలాది మాంగోడీబీ సర్వర్లను దుండగులు తుడిచిపెట్టి, డేటా తిరిగి కావాలంటే బిట్‌కాయిన్‌లు కట్టాలని కాగితం వదిలినట్టు ఒక సందేశం వదిలి వెళ్ళారు. ఇందులో ప్యాకేజీలు కట్టేవారు గుర్తుపెట్టుకోవలసిన ముక్క ఒకటి ఉంది. 2.6 నుంచి 3.4 వరకు వచ్చిన వెర్షన్లలో, ఆ సంస్థ అధికారికంగా ఇచ్చిన డెబ్, ఆర్‌పీఎం అనే రెండు రకాల ప్యాకేజీలతో ఎక్కిస్తే సర్వర్ 127.0.0.1 మీద, అంటే ఆ యంత్రం వరకే వినేది. ప్రోగ్రాంను ప్యాకేజీ లేకుండా విడిగా తెచ్చుకుని నడిపితే అన్ని వైపులా వినేది. ప్రోగ్రాం స్వతహాగా ఆ యంత్రానికే పరిమితం కావడం 3.6 వెర్షన్‌తో మొదలైంది. అంటే అంతకాలం సర్వర్‌ను ఆ యంత్రానికే పరిమితం చేసినది ప్యాకేజీతో వచ్చిన కాన్ఫిగరేషన్ ఫైలులోని ఒక్క వరుస.

డెబియన్ కుటుంబంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. అక్కడ సర్వీసు ఉన్న ప్యాకేజీ ఎక్కించగానే ఆ సర్వీసు దానంతటదే మొదలవుతుంది. ఫెడోరా అనే మరో లినక్స్ రకంలో సాధారణంగా అలా జరగదు, వాడేవారు చెప్పాకే మొదలవుతుంది. కనుక మీ ప్యాకేజీ ఎక్కిన మరుక్షణం నుంచి, యజమాని ఇంకా కుర్చీ లాక్కునేలోపే, యార్డు వైఫైలో ఉన్న ప్రతివారికీ 'అడ్మిన్' పాస్‌వర్డుతో లెక్కల పుస్తకం తెరిచి ఉంటుంది. దానికి బదులు సర్వీసు మొదట 127.0.0.1 మీదనే వినేలా పెట్టండి. అదే కంప్యూటర్‌లో మొదటిసారి తెర తెరిచినప్పుడు యజమాని చేతే పాస్‌వర్డు పెట్టించండి. 'ఫోనులో కూడా చూస్తారా?' అని అక్కడే అడగండి. అవునంటేనే నెట్‌వర్కుకు తెరవండి. ఇది జీవితంలో ఒక్కసారి జరిగే రెండు నిమిషాల పని. గుమాస్తాకు దాని ఊసే తెలియదు.

ఫోనుకు లెక్క చూపే ఆ సర్వీసును రూట్‌గా నడపడం మానేసి, దానికంటూ ఒక వేరు ఖాతా ఇవ్వండి. సిస్టమ్‌డీ యూనిట్ ఫైలులో 'ప్రొటెక్ట్‌సిస్టమ్', 'ప్రొటెక్ట్‌హోమ్' వంటి వరుసలు రాసుకుంటే, సర్వీసులో లోపం బయటపడినా వాడేవారి ఫైళ్ళ దాకా చేయి చాచలేదు. ఈ వరుసలు రాయడానికి ముందూ తర్వాతా సిస్టమ్‌డీ వారి 'ఎనలైజ్ సెక్యూరిటీ' ఆజ్ఞతో సున్నా నుంచి 10 వరకు వచ్చే మార్కు చూసుకోండి. ఏ కట్టడీ లేని సర్వీసుకు సాధారణంగా 9 దాటి వస్తుంది. ఇక్కడ ఎక్కువ మార్కు వస్తే సంతోషించకూడదు, బయటపడి ఉన్నది ఎక్కువని దాని అర్థం.

ఇక కొత్త వెర్షన్లను ప్రోగ్రామే తెచ్చుకోవడం. ఇది తీసేయండి. ప్యాకేజీలను తెచ్చి ఎక్కించే ఆప్ట్ అనే ప్రోగ్రాం చేసే పనిని మీరు మళ్ళీ, తక్కువ జాగ్రత్తతో రాసుకున్నారు. ఆప్ట్‌లో రిపాజిటరీ (ప్యాకేజీల భాండాగారం) తాలూకు 'రిలీజ్' ఫైలు మీద సంతకం ఉంటుంది. ఆ ఫైలులో ప్యాకేజీల పట్టిక తాలూకు హ్యాష్ (వేలిముద్ర లాంటి సంఖ్య) ఉంటుంది, ఆ పట్టికలో ప్రతి డెబ్ ఫైలు హ్యాష్ ఉంటుంది. దారిలో ఎవరు ఏ అక్షరం మార్చినా ఈ గొలుసులో ఏదో ఒక చోట తెగుతుంది. మీరొక చిన్న రిపాజిటరీ పెట్టుకుని సంతకం చేయండి. ఆ సంతకాన్ని సరిచూసే తాళంచెవిని అన్ని రిపాజిటరీలకూ చెల్లేలా పడేసే పాత 'ఆప్ట్‌కీ' పద్ధతి వద్దు, 'సైన్డ్‌బై' అని మీ రిపాజిటరీ వరుసలోనే రాయించండి. అప్పటికీ ఒక నిజం మిగులుతుంది. మీ రిపాజిటరీని నమ్మిన కంప్యూటర్‌కు మీరు ఉల్లి లెక్కల ప్రోగ్రాంనే కాదు, పేరు కలిస్తే సిస్టమ్‌లోని ఏ ప్యాకేజీనైనా పంపగలరు, ప్యాకేజీలోని స్క్రిప్టులు రూట్‌గానే నడుస్తాయి. మీ సంతకపు తాళంచెవి ఉన్న ల్యాప్‌టాప్‌ను ఎవరికైనా సినిమా చూడమని ఇస్తున్నారా అన్నది మీరే ఆలోచించుకోండి.

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిని, డెబియన్ వాడతాను. కీపాస్‌ఎక్స్‌సీ అనే పాస్‌వర్డుల ప్రోగ్రాంలో బ్రౌజర్‌తో కలిసి పనిచేసే సదుపాయాన్ని డెబియన్ ప్యాకేజీ కట్టేవారు 2024లో తీసేశారని మా తమ్ముడు చెప్పాడు. రాసినవారు పెట్టిన సదుపాయాన్ని మధ్యలో ఉన్నవారు తీసేయవచ్చా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: మీ తమ్ముడు చెప్పింది నిజమే, కానీ సగమే చెప్పాడు. 2024 మే నెలలో డెబియన్ అభివృద్ధి శాఖలోని ఆ ప్యాకేజీని బ్రౌజర్ జోడింపు, నెట్‌వర్కు సదుపాయాలు వంటివి లేకుండా కట్టి, అన్నీ ఉన్న రూపాన్ని 'కీపాస్‌ఎక్స్‌సీ ఫుల్' అనే వేరు పేరుతో ఇచ్చారు. రాసినవారు దీన్ని బహిరంగంగానే తప్పుపట్టారు. తీసేయవచ్చా అంటే, లైసెన్సు ప్రకారం తీసేయవచ్చు. తీసేయడం మంచిదా అన్నదే వాదన.

ప్యాకేజీ కట్టినవారి పక్షాన గట్టి మాట ఒకటుంది. లేని కోడ్‌లో లోపం ఉండదు. అదే ఏడాది మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం ఈ మాటకు ఎంత బరువు ఉందో చూపింది. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో, కొన్నేళ్ళు ఓపికగా నమ్మకం సంపాదించిన ఒక మారుపేరు వ్యక్తి దొంగదారి పెట్టాడు. దాని గురి, దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్. అసలు ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ అనే ఆ సర్వర్ ప్రోగ్రాంకు ఎక్స్‌జెడ్‌తో సంబంధమే లేదు. సర్వీసు సిద్ధమైందని సిస్టమ్‌డీకి కబురు పంపే ఒక చిన్న సౌకర్యం కోసం డెబియన్, ఫెడోరా వంటివారు అతికించిన మార్పు వల్ల సిస్టమ్‌డీ లైబ్రరీ వచ్చింది, దాని వెనుక ఎక్స్‌జెడ్ లైబ్రరీ వచ్చి కూర్చుంది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలో లాగిన్‌కు సుమారు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి తవ్వకపోతే, అది డెబియన్ పరీక్ష శాఖల నుంచి స్థిర విడుదలల దాకా వెళ్ళి ఉండేది.

ఇంత చెప్పిన తర్వాత కూడా, కీపాస్‌ఎక్స్‌సీ విషయంలో నేను రాసినవారి వైపే ఉంటాను. బ్రౌజర్ జోడింపు పైకి సౌకర్యంలా కనిపించినా, అది ఒక కాపలా కూడా. మీ బ్యాంకు వెబ్‌సైటును పోలిన నకిలీ వెబ్‌సైటు తెరుచుకుంటే, చిరునామా కలవనందున ఆ జోడింపు పాస్‌వర్డు నింపదు. అది లేనప్పుడు మనిషి ఏం చేస్తాడు? పాస్‌వర్డును కాపీ చేసి, కంటికి సరిగ్గానే కనిపించిన నకిలీ పెట్టెలో అతికిస్తాడు. పైగా ఆ జోడింపు మనం సెట్టింగులలో ఎంచుకుంటే తప్ప నడవదు. ప్రోగ్రాం లోపలి కోడ్‌ను మాత్రమే లెక్కపెట్టి, దాని ముందు కూర్చున్న మనిషిని లెక్కలోకి తీసుకోకపోతే ఇలాంటి పొరపాటే జరుగుతుంది. రెండో అభ్యంతరం పేరు గురించి. సన్నగా కట్టిన రూపానికి కొత్త పేరు పెట్టి, పాత పేరును పాతవారికే వదిలి ఉంటే ఇంత రభస జరిగేది కాదు. నిన్నటిదాకా పనిచేసినది అప్‌డేట్ తర్వాత ఆగిపోతే, మామూలు వాడకందారు 'కొత్త ప్యాకేజీ పేరేమిటి' అని వెతకడు, ఇకమీదట అప్‌డేట్‌లే చేయకూడదని నిర్ణయించుకుంటాడు.

మధ్యలో ఉన్నవారు చేసే మార్పు ఎంత దూరం పోగలదో డెబియన్‌కే బాగా తెలుసు. 2006లో ఒక పరీక్షా పరికరం ఇస్తున్న హెచ్చరికలను ఆపడానికి, రహస్య తాళంచెవులను తయారుచేసే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో రెండు వరుసలను పనిచేయకుండా చేశారు. వాటిలో ఒకటి పోయినా నష్టం లేనిది. రెండోది యాదృచ్ఛిక సంఖ్యలకు ముడిసరుకు కలిపేది. అది పోయాక, నడుస్తున్న ప్రోగ్రాంకు యంత్రం ఇచ్చే ప్రాసెస్ సంఖ్య ఒక్కటే మిగిలింది. ఫలితంగా ఒక రకం, ఒక పరిమాణం గల తాళంచెవులు 32,768 మాత్రమే పుట్టగలిగేవి, వాటన్నిటినీ ముందే తయారు చేసి పెట్టుకోవచ్చు. 2008 మే 13న డెబియన్ దీన్ని ప్రకటించేనాటికి ఏడాదిన్నర దాటింది. ఆ కాలంలో ఆ యంత్రాలలో పుట్టిన ప్రతి ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవినీ పారేసి కొత్తది చేసుకోవలసి వచ్చింది.

మీకు బ్రౌజర్ జోడింపు కావాలంటే, నిశ్చింతగా 'ఫుల్' ప్యాకేజీ ఎక్కించుకోండి.

ప్రశ్న: అనంతపురంలో నెట్ సెంటరు నడుపుతున్నాను. డెబ్, ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ – ఈ ప్యాకేజీ రకాలలో ఏది సురక్షితమో ఒక్క మాటలో చెప్పండి.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఒక్క మాటలో చెప్పలేను, మన్నించండి. డెబ్ ప్యాకేజీకి కంచె లేదు, మీ ఖాతా చేయగలిగినదంతా ఆ ప్రోగ్రాం కూడా చేయగలదు. కానీ డిస్ట్రో (డెబియన్, ఉబుంటు వంటి లినక్స్ రకం) రిపాజిటరీలోదైతే దాన్ని ఒక మనిషి చూసి కట్టి ఉంటాడు. ఫ్లాట్‌ప్యాక్, స్నాప్‌లలో కంచె ఉంది. అయితే కంచెలో గుమ్మం ఎంత వెడల్పు ఉండాలో నిర్ణయించేది ఆ ప్యాకేజీ కట్టినవారే. ఫ్లాట్‌ప్యాక్‌లో హోమ్ ఫోల్డర్ మొత్తానికీ అనుమతి కోరే ప్రోగ్రాంలు చాలా ఉన్నాయి. మీ నెట్ సెంటరులో ఆ ఫోల్డర్‌లో ఏముంటుంది? వచ్చినవారి ఆధార్ స్కాన్లు, అడంగల్, 1బీ కాగితాలు. ఫైలు ఎంచుకునే కిటికీని 'పోర్టల్' పద్ధతిలో తెరిచే ప్రోగ్రాం అయితే మీరు చూపించిన ఫైలు మాత్రమే దానికి అందుతుంది, సౌకర్యానికీ లోటు ఉండదు. ఫ్లాట్‌సీల్ అనే చిన్న ప్రోగ్రాంతో ప్రతిదాని అనుమతులూ చూసి, హోమ్ అనుమతి అక్కరలేని వాటికి తీసేయండి.

కంచె అన్నిటినీ ఆపుతుందని మాత్రం అనుకోకండి. 2024 ఫిబ్రవరిలో స్నాప్ స్టోర్‌లోని ఒక నకిలీ ఎక్సోడస్ వాలెట్ (బిట్‌కాయిన్‌లు దాచుకునే ప్రోగ్రాం) ఎక్కించుకున్న వ్యక్తి 9 బిట్‌కాయిన్‌లు పోగొట్టుకున్నాడు. అక్కడ కంచె దూకే అవసరమే రాలేదు, రహస్య పదాలను అతనే టైపు చేసి ఇచ్చాడు. ఆ తర్వాత మార్చిలో, స్టోర్‌లో కొత్తగా నమోదయ్యే పేర్లను మనుషులే పరిశీలించే ఏర్పాటు చేశారు. మీరు ఏ రకం ప్యాకేజీ తీసుకున్నా, దాన్ని పెట్టింది అసలు రాసినవారేనా, మరెవరైనానా అన్నది ముందు చూడండి. ఫ్లాట్‌ప్యాక్‌లు దొరికే ఫ్లాట్‌హబ్‌లో అందుకోసం 'వెరిఫైడ్' గుర్తు ఉంటుంది.

ప్రశ్న: కళాశాల ల్యాబులో 40 ఉబుంటు యంత్రాలున్నాయి. అప్‌డేట్‌లు వాటంతటవే జరిగితే ప్రమాదమా? పైగా ఏదైనా ఎక్కించబోతే 'మరో ప్రాసెస్ తాళం వేసింది' అంటుంది. ఆ తాళం ఫైలును చెరిపేయమని మా ల్యాబ్ సహాయకుడు విద్యార్థులకు నేర్పాడు.
– ఒక అధ్యాపకుడు, కడప

జవాబు: ఆ పాఠాన్ని రేపే వెనక్కి తీసుకోమనండి. ఆ సమయంలో వెనుక నడుస్తున్నది సాధారణంగా 'అనటెండెడ్ అప్‌గ్రేడ్స్' అనే భద్రతా అప్‌డేట్‌ల ఏర్పాటే. తాళం ఫైలును చెరిపి రెండో పనిని మొదలుపెడితే ప్యాకేజీల చిట్టా మధ్యలో చెడిపోయే అవకాశం ఉంది. ఐదు నిమిషాలు ఆగితే ఆ ఏర్పాటే తాళం తీస్తుంది. ఉదయం మొదటి పీరియడ్‌లోనే ఇబ్బంది అయితే, ఆ పని జరిగే వేళను సిస్టమ్‌డీ టైమర్‌లో మధ్యాహ్న భోజన విరామానికి మార్చుకోండి.

వాటంతటవే జరగడం ప్రమాదం కాదు. ఆ ఏర్పాటు మామూలుగా భద్రతా సవరణలనే తెస్తుంది, కొత్త హంగులను తీసుకురాదు. వెర్షన్ సంఖ్య పాతదిగానే కనిపించి మీ విద్యార్థులు కంగారుపడవచ్చు. డెబియన్, ఉబుంటులు స్థిర విడుదలలలో చాలావరకు పాత వెర్షన్‌ను అలాగే ఉంచి, లోపం సవరణను మాత్రం వెనక్కి తెచ్చి అతికిస్తాయి. అందువల్ల ముందున్న అంకె చూసి పాతబడిందని తేల్చకండి, చివర ఉన్న తోక చూడండి.

బయటి రిపాజిటరీల నుంచి తెచ్చుకున్నవి మాత్రం ఈ ఏర్పాటులోకి వాటంతటవే రావు. వాటి పేర్లను కాన్ఫిగరేషన్‌లోని జాబితాలో మీరు చేర్చాలి. పైన ఉత్తరం రాసిన కర్నూలు మిత్రులకు కూడా ఇది అవసరమైన సంగతే. తమ రిపాజిటరీని ఆ జాబితాలో చేర్చే వీలును మొదటి తెర మీద ఒక ప్రశ్నగా పెట్టండి. యజమాని అవునంటే చేర్చండి, ఆయనను అడగకుండా ప్యాకేజీ స్క్రిప్టులో చేర్చేయవద్దు.